అమ్మ కట్టిన ఐసుపెట్టె

ఈ ఏటి సావనీరుకి ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం మిత్రులు కబురు చేసినప్పుడు మొదట తప్పించుకుందామనే అనుకున్నాను. పాత విద్యార్థి అన్నాక జ్ఞాపకాలు ఉంటాయి, కాదనను. కాని హాస్టలు సాంబారు ఎంత పలచగా ఉండేదో, బీచిలో సాయంకాలాలు ఎంత బాగుండేవో ప్రతి పాత విద్యార్థీ వ్రాస్తూనే ఉన్నాడు. నేనూ అదే వ్రాస్తే చదివేవారికి కొత్తేముంది? ఇట్లా అనుకుంటూ ఉండగా సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. దానితో నలభయ్యేళ్లకు పైబడి నా మనసులో అడుగున పడి ఉన్న మరో సంగతి పైకి తేలింది. రెండూ ఐసుకి సంబంధించినవే. ఐసు గురించి వ్యాసమేమిటని నవ్వకండి. ఎండాకాలంలో మీరంతా దాన్ని తలుచుకునేవాళ్లే కదా!

మా అమ్మాయి, అల్లుడు బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. పండక్కి ఈసారి రైల్లో రాలేదు. కారవాన్ అనే బండి ఒకటి అద్దెకు తీసుకుని దానిలో వచ్చారు. లోపల పడక, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, చిన్న ఫ్రిజ్జు, అన్నీ ఉన్నాయి. వీధిలో పిల్లలంతా మూగారు. ఎనభయ్యయిదేళ్ల మా అమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చి బండిలోకి తొంగిచూసి, "ఏటి బాబూ ఇది? బండిలో ఇల్లెట్టారా, ఇంటికి సెక్రాలెట్టారా?" అంది.

అల్లుడు ఉత్సాహంగా ఒక్కొక్కటే చూపించాడు. ఫ్రిజ్జు దగ్గరకు వచ్చేసరికి, "ఇది పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది మామ్మగారూ. చూడండి, నాలుగు డిగ్రీలు!" అన్నాడు. అమ్మకి అంకెలు తెలియవు. లోపల చెయ్యి పెట్టింది. అడుగంతా తడిమింది. చెయ్యి బయటికి తీసి చూసుకుని, "మరి నీల్లెటు పోతాయి?" అని అడిగింది.

అందరూ నవ్వారు. ఇందులో ఐసు ఉండదు కాబట్టి నీళ్లు రావని అల్లుడు విడమరిచి చెప్పాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ ప్రశ్న నాకు తెలుసు. 1983 డిసెంబరులో ఒక తెల్లవారుజామున అదే ప్రశ్న ఆవిడ నన్నూ అడిగింది. అప్పుడు నేను జవాబు చెప్పకుండా తల తిప్పుకున్నాను.

మాది పెద జాలారిపేట. మన యూనివర్శిటీ నుంచి బీచిరోడ్డు పట్టుకుని నడిస్తే చేరిపోయే దూరం. అయ్య వేటకు వెళ్లేవాడు. అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లో చేపలమ్మేది. తెల్లవారకముందే హార్బరుకి వెళ్లి, పాటలో చేపలు కొని, ఐసు కొట్టించుకుని, తొమ్మిదయ్యేసరికి వీధుల్లో ఉండేది. మధ్యాహ్నం పన్నెండు దాటాక కూడా ఆవిడ తట్టలో చేప కన్ను గాజుపూసలా మెరుస్తూ ఉండేదని కొనేవాళ్లు చెప్పుకునేవారు. ఆ సంపాదనతోనే నేను జియాలజీలో ఎమ్మెస్సీ దాకా వచ్చాను.

ఇల్లు అంత దగ్గర్లో ఉన్నా, చదువు సాగడం లేదనే వంకతో నేను హాస్టల్లో చేరాను. అసలు కారణం వాసన. ఎన్నిసార్లు సబ్బుతో రుద్దుకున్నా చేపల వాసన నా చొక్కాలో ఉందేమోనని అనుమానం. "మీ నాన్నగారేం చేస్తారోయ్?" అని ఎవరైనా అడిగితే, "హార్బరులో పని" అనేవాణ్ణి. అబద్ధం కాదు. నిజమూ కాదు. అమ్మ సంగతి అసలు ఎత్తేవాణ్ణే కాదు.

ఆ డిసెంబరు సెలవుల్లో మేం ఏడుగురం కలిసి అరకు వైపు రాళ్ల నమూనాల కోసం బయలుదేరాం. కాలేజి తరఫున కాదు, సొంత ఖర్చు మీద. ఒక పాత వ్యాను అద్దెకు మాట్లాడాం. వెనక సీట్లు తీసేయించి, గడ్డి పరిచి, మీద జంపఖానా వేశాం. కిరోసిన్ స్టవ్వు, బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, సుత్తులు, గోనెసంచులు, దిక్సూచి. పగలు కొండలు, రాత్రి వ్యానులోనే పడక. ఇప్పటి కారవాన్‌కి మేమే పూర్వీకులం అనుకోవచ్చు!

మాలో నెల్లూరు మిత్రుడొకడు ఉండేవాడు. భోజనప్రియుడు. అంతకు ముందు ప్రయాణంలో ఐదు రోజులు పప్పూ బంగాళాదుంపలే తిని విసిగిపోయి, "ఈసారి చేపలు లేకుండా నేను రాను గురూ! సముద్రం పక్కన ఉండి పప్పు తినడమేమిటి?" అని పట్టుబట్టాడు. చేపలు నేను తెస్తానని నోరు జారాను. హార్బరులో తెలిసినవాళ్లున్నారని చెప్పాను.

ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పాను. ఆవిడ ఎంత సంబరపడిందో! కొడుకు తన పని గురించి ఏదైనా అడగడం బహుశా అదే మొదటిసారి. అయ్య దగ్గరున్న చెక్కపెట్టె తీసింది. లోపల రేకు, రేకుకీ చెక్కకీ మధ్య థర్మోకోలు. అడుగున ఒక మూల చిన్న కన్నం, దానికి గుడ్డ బిరడా. రాత్రంతా అందులో ఐసుముక్కలు వేసి ఉంచింది. ఎందుకంటే, "పెట్టె ముందు సల్లబడాల. నేకపోతే కొత్త ఐసుని పెట్టే తినేత్తది" అంది. తెల్లవారుజామున ఆ నీళ్లు వంపేసి, అడుగున ఐసు పరిచి, దాని మీద చేపలు, మళ్లీ ఐసు, మళ్లీ చేపలు, అన్నిటి పైన ఐసు కప్పింది. చేపలెంతో ఐసు అంత. పొట్టలు చీల్చి కడిగినవే పెట్టింది. ఒక పక్క పెద్ద దిమ్మ పగలగొట్టకుండా అలాగే ఉంచింది. మూత మీద రంపపు పొట్టు నింపిన గోనె కప్పి తాడుతో బిగించింది.

నాలుగున్నరకి రిక్షాలో ఆ పెట్టె వేసుకుని మేం కలుసుకునే చోటికి తనే వచ్చింది. మిత్రులంతా వ్యాను చుట్టూ ఉన్నారు. నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఒరే నాయినా, ఎస్.కోటలో ఐసు దొరుకుద్ది, అర దిమ్మ ఎయ్యించు. పెట్టె నీడని ఉంచు. మాటిమాటికీ మూత తియ్యకు. రోజుకి రెండేల్లు బిరడా తీసి నీల్లొంపెయ్యాల. బతికున్న సేపకి నీల్లు, సచ్చిన సేపకి ఐసు. తెలిసిందా? పెట్టె బండిలో ఏ పక్కనెడతావు? నీల్లెటు పోతాయి?"

అప్పుడే నెల్లూరు మిత్రుడు దగ్గరకు వచ్చి, "ఎవర్రా ఈవిడ?" అన్నాడు.

"తెలిసినావిడ. చేపలు తెచ్చింది" అన్నాను.

అమ్మ నా మొహం వైపు ఒక్క క్షణం చూసింది. తరవాత మిత్రుడి వైపు తిరిగి, "మంచి సేపలు బాబూ, జాగర్తగా వండుకోండి" అని చెప్పి రిక్షా ఎక్కి వెళ్లిపోయింది. డబ్బులు ఇవ్వడం మరిచిపోయాం కదరా అని మిత్రుడు నొచ్చుకున్నాడు. తరవాత ఇస్తానులే అన్నాను.

ఇక్కడ కాస్త ఆగి, అమ్మ చెప్పిన దానిలో శాస్త్రమేమిటో చెప్పాలి. సైన్సు విద్యార్థిగా నాకది తెలియాలి. తెలుసు కూడా. ఒక కిలో ఐసు కరిగి నీరు కావడానికి 80 కిలో కేలరీల వేడి పుచ్చుకుంటుంది. అంటే పది కిలోల ఐసు 800 కిలో కేలరీలు మింగుతుంది. ఐదు కిలోల చేపల్ని 30 డిగ్రీల నుంచి సున్నాకి దింపడానికి రెండు కిలోల లోపు ఐసు చాలు. మరి మిగతా ఐసంతా ఏమవుతుంది? పెట్టె గోడల్లోంచి, మూత సందుల్లోంచి చొరబడే వేడికి ఖర్చవుతుంది. ఐసుని తినేది చేప కాదు, పెట్టె. అమ్మకి కేలరీ అనే మాట తెలియదు గాని లెక్క తెలుసు. దిమ్మని పగలగొట్టకుండా ఉంచడమూ లెక్కే. తురిమిన ఐసు చేపను నాలుగు పక్కలా తాకి త్వరగా చల్లబరుస్తుంది, త్వరగా కరుగుతుంది. దిమ్మకి బరువుతో పోలిస్తే పైభాగం తక్కువ, కనక నెమ్మదిగా కరిగి ఎక్కువసేపు నిలుస్తుంది. ఒకటి తక్షణం పనికి, మరొకటి దాపుడుకి. నీళ్లు వంపడం చేపకి మాత్రమే. మూత బిగించిన సీసాలైతే ఆ చల్లటి నీళ్లలో ఉన్నా నష్టం లేదు. చేపల పెట్టెలో అవి నెత్తురూ మురికీ కలిసిన నీళ్లు, క్రిములకు పండగ.

రంపపు పొట్టు సంగతి కూడా చిన్నది కాదు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకి టస్కనీ అనే ఓడలో చెరువుల్లో కోసిన మంచుగడ్డలు వచ్చాయి. నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖని రెండుసార్లు దాటి! బయలుదేరినప్పుడు సుమారు 180 టన్నులు, చేరేసరికి ఇంచుమించు 100 టన్నులు మిగిలాయి. ఆ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్. మద్రాసు బీచిలో ఐస్‌హౌస్ అని పేరుపడ్డ గుండ్రటి భవనం 1842లో ఆ మంచు నిలవచెయ్యడానికి కట్టిందే. తరవాత 1897లో వివేకానందుడు అక్కడ బస చేశాడు. ఆ మంచుని అంత దూరం కాపాడినది రంపపు పొట్టు. పొట్టులో చిక్కుకున్న గాలి వేడిని లోపలికి రానివ్వదు. మా అమ్మ గోనెలో కుట్టినదీ ఆ పొట్టే.

ఇంత తెలిసిన నేను ఏం చేశాను? ఎస్.కోట వచ్చింది. వ్యాను ఆపమనలేదు. ఆపితే దిగి ఐసు బేరమాడాలి, పెట్టె విప్పాలి, చేపలు చేత్తో తీసి మళ్లీ పేర్చాలి. ఆ పని నా చేతులకి బాగా వచ్చు. అదే భయం. ఆ చేతివాటం చూస్తే వీడెవడో మిత్రులకి తెలిసిపోతుంది. "ఐసు సరిపోతుందిలే, పైన చలికాలం" అన్నాను. అందరూ సరేనన్నారు.

మొదటి రోజు అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే వ్యాను ఊగి పెట్టె వంగింది. బిరడా ఊడి నీళ్లు నమూనాల సంచుల మీద పారాయి. మిత్రులు కేకలు వేశారు. పెట్టెని కిటికీ పక్కకి జరిపారు, ఎండ తగిలే వైపు. నేను నోరు మెదపలేదు. ఆ రాత్రి వంజరం ముక్కలు వేయించుకుని తిన్నాం. దివ్యంగా ఉన్నాయి. మిగిలిన కానాగంతలు మర్నాటికి ఉంచాం.

కానాగంత పేరు మీద విశాఖపట్నం వాళ్లు గర్వపడాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇక్కడ ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్నం తీరంలో సేకరించిన రెండు వందల చేపల్ని బొమ్మలతో వర్ణించి 1803లో లండన్‌లో పుస్తకంగా వేశాడు. జాలర్లు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. ఆ పేరునే తరవాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యూవియే తీసుకున్నాడు. అందుకే ప్రపంచంలో ఎక్కడైనా ఈ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కానగుర్త. మా పేట మాట శాస్త్రంలోకి ఎక్కింది. నాకు మాత్రం ఆ పేట పేరు చెప్పడానికి నామోషీ!

రెండో రోజు రాత్రి అరకులో ఎముకలు కొరికే చలి. స్టవ్వు చుట్టూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. పెట్టె మూత తీస్తే ఐసు లేదు. గోరువెచ్చని ఎర్రటి నీళ్లు. పగలంతా వ్యాను ఎండలో, అద్దాలు మూసి ఉంది. మేం కొండ మీద ఉన్నాం. "ఇంత చలిలో ఏమవుతుందిరా, ఊరంతా ఫ్రిజ్జే కదా" అన్నాడొకడు. నేను చేపని చేతిలోకి తీసుకున్నాను. నాకు తెలిసింది. వేలితో నొక్కితే గుంట పడి తిరిగి లేవలేదు. కన్ను మసకబారింది. మా అమ్మయితే ఆ చేపని అమ్మదు, ఇంట్లో పిల్లికి కూడా వెయ్యదు. పారేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. అంటే, "నీకెలా తెలుసు?" అంటారు. కారం, మసాలా ఎక్కువ పట్టించి ఎర్రగా వేయించారు. నేను కడుపు బాగులేదని చెప్పి తినలేదు. ఇది వ్రాస్తున్నప్పుడు కూడా నా చెయ్యి ఆగుతోంది. తినలేదు. తినొద్దనీ చెప్పలేదు.

అరగంట గడవకముందే నలుగురికి మొహాలు ఎర్రబడ్డాయి. తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు, గుండెదడ. నెల్లూరు మిత్రుడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. అతనికి ఊపిరి అందలేదు. ఆ చీకట్లో అతన్ని వ్యానులో పడుకోబెట్టి దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిపొడుగునా అతని తల నా ఒళ్లో ఉంది. ఆ ఈలవేసే ఊపిరి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

డాక్టరుగారు ఇంజెక్షన్లు ఇచ్చారు. తెల్లవారేసరికి ఊపిరి కుదుటపడింది. ఆయన చెప్పినది ఇది. కానాగంత, సూర వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప వెచ్చగా ఉంటే క్రిములు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఒకసారి తయారయ్యాక మళ్లీ ఐసులో పెట్టినా పోదు, ఉడికించినా పోదు, ఎంత ఎర్రగా వేయించినా పోదు. అది రాకుండా చెయ్యగలిగినది ఒక్కటే, పట్టిన దగ్గర నుంచి పొయ్యి ఎక్కేదాకా చల్లగా ఉంచడం. మనిషికి చలేసినంత మాత్రాన చేపకి చలేసినట్టు కాదన్నారు. ఆహారం 5 డిగ్రీల లోపు ఉండాలి, లేదా 60 డిగ్రీల పైన ఉండాలి. ఈ రెంటి మధ్యా క్రిముల రాజ్యం. దుప్పటి కప్పుకునే చలి పది పన్నెండు డిగ్రీలు. పెట్టెలో అదీ లేదు.

"పెట్టె ఎవరు చూసుకున్నారయ్యా? ఐసు వేసినవాళ్లు ఏమీ చెప్పలేదా?" అని అడిగారాయన.

ఎవరూ మాట్లాడలేదు. నేను బయటికి వచ్చి వరండాలో కూర్చున్నాను. ఉదయం మిత్రుడు లేచి కాఫీ తాగుతూండగా చెప్పాను. "చేపలు తెచ్చినావిడ మా అమ్మరా. అన్నీ చెప్పింది. నేనే చెయ్యలేదు. రాత్రి చేప పాడయిందని కూడా నాకు తెలుసు." అతను చాలాసేపు నన్నే చూశాడు. "చేప సంగతి తరవాత. ఆవిణ్ణి తెలిసినావిడ అన్నావు చూడు, అది ముందు సరిచేసుకో" అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

తిరిగొచ్చాక అమ్మకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఆ పిల్లోడికి బాగుందా?" అంది. బాగుందన్నాను. "మరయితే రేపు తీసుకురా, సారెట్టి అన్నమెడతాను" అంది. తెలిసినావిడ అన్న మాట గురించి ఆనాడు అడగలేదు, ఈనాటి దాకా అడగలేదు. మర్నాడు మిత్రుడితో కలిసి పేటకి నడిచి వెళ్లాను. దారిలో అమ్మ తట్టతో ఎదురైంది. తట్ట నేను అందుకుని నెత్తిన పెట్టుకున్నాను. ఐసునీళ్లు మెడ మీదుగా వీపు మీదికి కారాయి. అప్పుడు తెలిసింది, ఆవిడకి ఇన్నేళ్లూ మెడనొప్పి ఎందుకో. చేప పొడిగా ఉండాలంటే నీళ్లు ఎటో ఒక పక్కకి పోవాలి కదా! అవి పోయినది ఆవిడ మీదికే.

ఆ తరవాత చల్లదనం గురించి చదవడం నాకొక అలవాటయింది. కొన్ని సంగతులు మీకు ప్రయాణాల్లో పనికొస్తాయి. విశాఖలో కొత్తకుండ నీళ్లు రాయలసీమలో చల్లబడినంతగా చల్లబడవు. ఎందుకంటే కుండ చెమర్చి, ఆ తడి ఆవిరైతేనే చల్లదనం. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు కావాలి, అది కుండలోంచే లాగుతుంది. మన సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు కుండలో కుండ పెట్టి, మధ్యన తడి ఇసుక నింపి కూరగాయలు నిలవచేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చి 2000 సంవత్సరంలో రోలెక్స్ పురస్కారం అందుకున్నాడు. అది పొడిగాలి దేశాల పద్ధతి. అనంతపురంలో పనిచేస్తుంది, జాలారిపేటలో అంతగా చెయ్యదు.

ఇంకొక విచిత్రం, మంటతో చల్లబరిచే ఫ్రిజ్జు. 1922లో స్వీడన్‌లో బాల్ట్‌జర్ ఫన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఇంకా విద్యార్థులుగా ఉండగానే దాన్ని కనిపెట్టారు. కింద చిన్న గ్యాసు మంట. ఆ వేడికి అమ్మోనియా నీటినుంచి విడిపోయి, ద్రవమై, మళ్లీ ఆవిరై చల్లదనమిస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. విదేశాల్లో కారవాన్లలో చాలాకాలం అవే పెట్టుకున్నారు. బండి ఏటవాలుగా నిలిపితే మాత్రం అవి సరిగ్గా పనిచెయ్యవు. లోపలి ద్రవం దానంతటది పల్లానికి పారాలి మరి. అక్కడా అమ్మ ప్రశ్నే, నీళ్లు ఎటు పోతాయని!

మన పెద్దలు అసలు ఈ గొడవే లేకుండా చేసుకున్నారు. ప్రయాణానికి పులిహోర, అరిసెలు, సున్నుండలు, మాగాయ, ఉప్పుచేప. చింతపండు పులుపు, బెల్లపు పాకం, ఉప్పు, ఎండ, వీటిముందు క్రిములు అంత సులువుగా నిలవలేవు. చల్లదనం దొరకని చోట ఇవే చల్లదనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరిని విరగ్గొట్టి రోజుల తరబడి కరెంటు లేకుండా చేసినప్పుడు ఇంటింటా ఫ్రిజ్జు ఒట్టి బీరువా అయి కూర్చుంది. గాలి తగ్గగానే అమ్మ చేసిన మొదటి పని మా ఫ్రిజ్జులో ఉన్న చేపా మాంసమూ అంతా తీయించి ఒక్కసారే వండించి మెట్లమీద పంక్తి వేసి ఇరుగుపొరుగు అందరికీ పెట్టడం. "ఐసు కరిగేక దాసుకున్నోడు ఎర్రోడు" అంది. ఆ మర్నాటి నుంచి చింతపండు, ఉప్పుచేప.

మళ్లీ సంక్రాంతికి వస్తాను. కనుమ మర్నాడు అందరం ఆ కారవాన్‌లో లంబసింగి బయలుదేరాం. అమ్మ కూడా వచ్చింది. ఫ్రిజ్జులో వంజరం, కానాగంతలు. అల్లుడు అంతా చక్కగా సర్దాడు. రాత్రి పిల్లలు ఫోన్లకీ, లైట్లకీ, హీటరుకీ అదే బ్యాటరీ వాడుకున్నారు. ఎప్పుడో అర్ధరాత్రి బ్యాటరీ నీరసించి ఫ్రిజ్జు ఆగిపోయింది. పొద్దున్న బయట గడ్డి మీద మంచు పేరుకుని ఉంది. ఫ్రిజ్జు తలుపు మీద అంకె మాత్రం 14.

"ఇంత చలిలో ఏం కాదు మామయ్యగారూ. కాస్త మసాలా ఎక్కువ వేసి వేయించేద్దాం. ఇవన్నీ పదిహేను వందలు పెట్టి కొన్నవి" అన్నాడు అల్లుడు.

అదే మాట. నలభయ్యేళ్ల కిందటి అరకు మాట. నేను కానాగంతని చేతిలోకి తీసుకుని నొక్కాను. గుంట పడింది. లేవలేదు.

"పారేద్దాం బాబూ" అన్నాను.

"మీకెలా తెలుసు?" అన్నాడు.

"మా అమ్మ చేపలమ్మేది. నాకు చేప తెలుసు" అన్నాను.

గొయ్యి తవ్వి చేపలు పూడ్చేశాం. అమ్మ బండి మెట్టు మీద కూర్చుని చూస్తోంది. పారబోసే చేపంటే ఆవిడకి ప్రాణం పోతుంది. అయినా ఏమీ అనలేదు. నేను చేతులు కడుక్కుని పక్కన కూర్చున్నాక, "డబ్బులు పోతే పోనీరా. పిల్లలు బాగుండాల" అంది. ఆ పూట పులిహోర తిన్నాం. బయలుదేరే ముందు దాన్ని కలిపి డబ్బాలో పెట్టింది ఆవిడే. ఫ్రిజ్జుని నమ్మలేదు కాబోలు.

విద్యార్థి మిత్రులారా! మీ గదుల్లో ఫ్రిజ్జులు ఉంటాయి, వీధి చివర ఐసు దొరుకుతుంది, రేపు మీరూ చక్రాల ఇళ్లలో తిరుగుతారు. ఐసు డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. చల్లదనం మాత్రం దగ్గరుండి కనిపెట్టుకోవాలి. అది ఎలాగో మీ ఇంట్లో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. వాళ్లు మిమ్మల్ని చూడ్డానికి కాలేజి గేటు దాకా వచ్చినప్పుడు పక్కనున్న మిత్రుడు ఎవరని అడుగుతాడు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పండి. నాకు ఆ జవాబు చెప్పడానికి ఒక మిత్రుడి ఊపిరి మీదికి రావలసి వచ్చింది.